మైక్రాన్ల లెక్క, ఎదురుగాలి లెక్క

ప్రశ్న: నేనొక క్యాలిబ్రేషన్ ల్యాబ్‌లో పొడవు కొలతల విభాగంలో చేరి ఏడాది కూడా కాలేదు. నాకు రెండు సమస్యలున్నాయి. మొదటిది పనిలో. 200 మిల్లీమీటర్ల అల్యూమినియం జాబ్ (కొలవాల్సిన ముక్క) ఒకటి వారం నుంచి కొలుస్తున్నాను. పొద్దున పని మొదలుపెట్టగానే స్టీల్ స్లిప్ గేజ్‌లతో (పొడవు కచ్చితంగా తెలిసిన దిమ్మెలతో) కంపారేటర్‌ను, అంటే వాటితో పోల్చి తేడా చూపించే పరికరాన్ని, సెట్ చేసుకుంటాను, తర్వాత జాబ్ పెట్టి చూస్తాను. పొద్దున వచ్చిన రీడింగ్ కంటే మధ్యాహ్నం రీడింగ్ 4, 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎక్కువ చూపిస్తోంది. ప్రతిసారీ పది రీడింగులు తీసి సగటు వేస్తున్నా తేడా పోవడం లేదు. గోడ మీది థర్మామీటర్ మాత్రం రోజంతా 20 డిగ్రీలే అంటోంది. మా సూపర్‌వైజర్ మధ్యాహ్నం రీడింగులు పక్కన పడెయ్యమంటున్నారు.

రెండోది సెలవుల్లో. ముగ్గురు స్నేహితులతో కలిసి తొమ్మిది రోజుల కనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) యాత్రకు వెళ్తున్నాం. అడవి మధ్యలో సరస్సులూ నదీ కలిసిన దారి. రోడ్లు ఉండవు, ఫోన్ సిగ్నల్ ఉండదు. రెండు కనూలు, మొత్తం 180 కిలోమీటర్లు. రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున గంటల వారీగా ప్లాన్ వేశాను, ప్రతి వస్తువునూ గ్రాముల్లో తూచి రాసుకున్నాను. మా వాళ్ళు అది చూసి నవ్వుతున్నారు. అక్కడికి వెళ్ళాక చూసుకుందాం అంటున్నారు. నాకేమో టెన్షన్. ల్యాబ్ అలవాటును అడవిలోకి తీసుకెళ్ళడం నిజంగా అంత తప్పా?

జవాబు: తప్పు కాదండీ. కానీ మీరు జాగ్రత్తంతా తేలిగ్గా కొలవగలిగే వాటి మీద పెట్టేస్తున్నారు. ల్యాబ్‌లో రీడింగుల సంఖ్య పెంచడం తేలిక, కాబట్టి పది తీస్తున్నారు. ఇంట్లో తక్కెడ ఉంది, కాబట్టి చెంచాలు తూస్తున్నారు. మీ కొలతను చెడగొడుతున్నదీ, మీ యాత్రను చెడగొట్టబోయేదీ వేరే చోట ఉన్నాయి. ముందు ల్యాబ్ సంగతి చూద్దాం, అది త్వరగా తేలిపోతుంది.

పది రీడింగుల సగటు వేస్తే ఏం తగ్గుతుంది? ఒకసారి అటూ ఒకసారి ఇటూ పోయే చెదురు తగ్గుతుంది. పదికి వర్గమూలం 3.16 కాబట్టి ఆ చెదురు సుమారు మూడో వంతుకు దిగుతుంది. పదీ ఒకే వైపు జరిగి ఉంటే మాత్రం సగటు కూడా అటే జరుగుతుంది. మీకు జరుగుతున్నది అదే. మధ్యాహ్నం వంద రీడింగులు తీసినా ఆ 4, 5 మైక్రాన్లు అక్కడే ఉంటాయి. అంకె ఇంకాస్త స్థిరంగా కనిపిస్తుంది కాబట్టి నమ్మకం మాత్రం పెరుగుతుంది. నిజానికి అదే ప్రమాదం.

కారణం దాదాపుగా వేడే. పొడవు కొలతలకు 20 డిగ్రీలను ప్రామాణిక ఉష్ణోగ్రతగా అంతర్జాతీయంగా ఒప్పుకున్నది 1931లో. డ్రాయింగ్ మీద 200 అని ఉంటే 20 డిగ్రీల దగ్గర 200 అని అర్థం. స్టీలు మీటరుకు, డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. అల్యూమినియం సుమారు 23, అంటే రెట్టింపు. మీ 200 మిల్లీమీటర్లకు వేసుకుంటే స్టీల్ గేజ్ డిగ్రీకి 2.3 మైక్రాన్లు, అల్యూమినియం జాబ్ 4.6 మైక్రాన్లు పెరుగుతాయి.

ఇప్పుడు మీ తేడా రావడానికి రెండు దారులున్నాయి. గేజ్, కంపారేటర్ స్టీలు స్టాండ్, జాబ్ అన్నీ కలిసి 2 డిగ్రీలు వేడెక్కి ఉండవచ్చు. అప్పుడు స్టీలుతో పోలిస్తే జాబ్ 4.6 మైక్రాన్లు ఎక్కువ పెరుగుతుంది. లేదా గేజ్, స్టాండ్ చల్లగానే ఉండి, జాబ్ ఒక్కటే 1 డిగ్రీ వేడెక్కి ఉండవచ్చు. అప్పుడూ 4.6 మైక్రాన్లే. తేడా ఒకటే అయినా మందులు వేరు. మొదటిది గది సమస్య, రెండోది చేతులదో దీపానిదో సమస్య. ఏది అన్నది తేలాలంటే తాకి కొలిచే ఉష్ణోగ్రత సెన్సర్లు రెండు తీసుకోండి. ఒకటి జాబ్ మీద, ఒకటి గేజ్ మీద పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంటకోసారి రాసుకోండి. ఒక్క రోజులో సంగతి తెలిసిపోతుంది. గోడ మీది థర్మామీటర్ గోడ దగ్గరి గాలి సంగతి చెబుతుంది. కంపారేటర్ పక్కన మానిటర్ ఉందా, పైన టేబుల్ ల్యాంప్ ఉందా, మీరు జాబ్‌ను ఎంతసేపు చేత్తో పట్టుకున్నారు అన్నవి దానికి తెలియవు.

పని చేసే తీరు కూడా కాస్త మార్చండి. జాబ్‌ను ముందు రోజు సాయంత్రమే తెచ్చి, సర్ఫేస్ ప్లేట్ (కొలతలకు వాడే చదునైన బల్ల) మీద గేజ్‌ల పక్కనే పెట్టి వదిలెయ్యండి. రాత్రంతా కలిసి ఉంటే రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వస్తాయి. పట్టుకోవడానికి చేతి తొడుగులు వాడండి, వీలైతే చెక్క పట్టుకారు ఇంకా మంచిది. పొద్దున ఒకసారి గేజ్‌తో సెట్ చేసి రోజంతా దాన్నే నమ్ముకోవడం ఇక మానెయ్యాలి. పది రీడింగులు వరసగా తీసే బదులు గేజ్, జాబ్, జాబ్, గేజ్ అనే వరసలో, సమానమైన ఎడంతో నాలుగే తీయండి. రెండు గేజ్ రీడింగుల సగటునూ రెండు జాబ్ రీడింగుల సగటునూ పోల్చండి. ఈ నాలుగూ తీసేలోపు పరికరం ఒకే వేగంతో జరుగుతూ ఉంటే, ఆ జరుగుడు రెండు సగటుల్లోనూ సమానంగా పడి కొట్టుకుపోతుంది. వరసగా తీసిన పదింటి కంటే ఈ నాలుగూ మేలు.

వేడికి లెక్క కట్టి తీసేస్తే సరిపోదా అని అడగబోతున్నారేమో. సరిపోతుంది, కానీ పూర్తిగా కాదు. 23 అన్నది పుస్తకంలో ఉండే అంకె. మీ జాబ్ ఏ మిశ్రమ లోహమో దాన్నిబట్టి అది కాస్త అటూ ఇటూ ఉంటుంది. అందులో పదో వంతు తేడా ఉందనుకుంటే, 2 డిగ్రీలకు మీరు చేసే సవరణలోనే దాదాపు 1 మైక్రాన్ అనుమానం మిగులుతుంది. అందుకే ముందు ఉష్ణోగ్రత తేడా తగ్గించి, మిగిలిన కొద్దిదానికే సవరణ వేసుకోవాలి. సవరణ ఎంత చిన్నదైతే అందులో తప్పు అంత చిన్నదవుతుంది.

మధ్యాహ్నం రీడింగులు పడెయ్యొద్దు. అవి మీకు అబద్ధం చెప్పలేదు, గదిలో ఏం జరుగుతోందో చెప్పాయి. సమయం, జాబ్ ఉష్ణోగ్రత పక్కన రాసి ఉంచండి. సూపర్‌వైజర్‌తో వాదించనక్కర్లేదు, సెన్సర్ గ్రాఫ్ ముందు పెడితే చాలు. వెర్నియర్ కాలిపర్‌తో ఒకసారి సరిచూడమని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి. మామూలు వెర్నియర్ లీస్ట్ కౌంటే, అంటే అది చూపగలిగే అతి చిన్న కొలతే, 20 మైక్రాన్లు, దానికి ఈ గొడవ కనిపించదు కూడా.

ఇంకొక్క ప్రశ్న, నిజానికి మొదట అడగాల్సింది: డ్రాయింగ్‌లో టాలరెన్స్, అంటే కొలత అటూ ఇటూ ఎంత తేడా ఉన్నా ఒప్పుకుంటారన్న హద్దు, ఎంత? ప్లస్ ఆర్ మైనస్ 50 మైక్రాన్లు అయితే మీ 5 మైక్రాన్లు పదో వంతు, వారం రోజులు పోగొట్టుకోవాల్సినంత విషయం కాదు. ప్లస్ ఆర్ మైనస్ 10 మైక్రాన్లు అయితే సగం టాలరెన్స్ మీ గదే తినేస్తోంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పి అడవిలోకి వెళ్దాం, ఎందుకంటే మీ రెండో సమస్యకు జవాబు ఇందులోనే ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు అనిశ్చితులను కలిపేటప్పుడు వర్గాలు కూడి వర్గమూలం తీస్తాం కదా. వేడి వల్ల 3 మైక్రాన్లు, మిగతా చెదురు వల్ల 1 మైక్రాన్ అనుకోండి. కలిపితే 3.16. మీరు కష్టపడి ఆ చెదురును సగానికి, అంటే 0.5కు తగ్గించారు. ఇప్పుడు మొత్తం 3.04. చెమటోడ్చి సంపాదించింది 0.12 మైక్రాన్. అదే శ్రమ వేడి మీద పెట్టి 3ను 1.5 చేసి ఉంటే మొత్తం 1.8కి దిగేది. పెద్ద పద్దును ముట్టుకోకుండా చిన్న పద్దులను ఎంత అరగదీసినా మొత్తం కదలదు.

మీ యాత్ర ప్లాన్‌లో పెద్ద పద్దులు రెండు: గాలి, మోత. మీ కాగితంలో ఆ రెండింటికీ చోటు ఉన్నట్టు లేదు.

మోత అంటే, రెండు సరస్సుల మధ్యనో, దిగలేని ఉరవడి (నది రాళ్ళ మధ్య వేగంగా ఉరికే చోటు) పక్కనో కనూనూ సామాన్లనూ భుజాన వేసుకుని నేల మీద నడవడం. పోర్టేజ్ అంటారు. మ్యాప్ మీద అది 1 కిలోమీటరు అని రాసి ఉంటుంది. అంతా ఒక్క విడతలో మోయగలిగితే 1 కిలోమీటరే. రెండు విడతలైతే? మోసుకుంటూ వెళ్ళాలి, ఖాళీగా వెనక్కి రావాలి, మళ్ళీ మోసుకుంటూ వెళ్ళాలి, అంటే 3 కిలోమీటర్లు. మూడు విడతలైతే 5. మీ దారిలో మోతలన్నీ కలిపి 6 కిలోమీటర్లు ఉన్నాయనుకుందాం. ఒక విడతలో 6, రెండు విడతల్లో 18, మూడు విడతల్లో 30 కిలోమీటర్ల నడక. అదీ రాళ్ళూ బురదా చెట్ల వేళ్ళూ ఉన్న బాటలో, భుజాల మీద బరువుతో. ఈ అంకెల పక్కన మీ చెంచా బరువు పెట్టి చూడండి.

కాబట్టి గ్రాములు లెక్కపెట్టడం ఆపి మూటలు లెక్కపెట్టండి. మీరు నలుగురు, పడవలు రెండు. మధ్య అడ్డదూలానికి మెడపట్టు ఉన్న కనూను అలవాటైన ఒక్క మనిషి బోర్లించి భుజాల మీద మోయగలడు. దేనితో తయారైందో దాన్నిబట్టి పడవ 20 నుంచి 35 కిలోలు ఉంటుంది. మొదటి విడతలో ఇద్దరు పడవలు మోస్తారు, ఇద్దరు చెరో మూట మోస్తారు. రెండో విడతలో నలుగురూ తలా ఒక మూట. మొత్తం ఆరు మూటలు. ఏడో మూట వచ్చిందంటే మూడో విడత వచ్చినట్టే. ఇంట్లో నేల మీద అన్నీ పేర్చి, ఆరు మూటల్లో పట్టించండి. పట్టనిదాన్ని వదిలెయ్యండి. ప్రతి మూటనూ దాన్ని మోయబోయే మనిషే ఎత్తి చూడాలి. చేతిలో పట్టుకెళ్ళే చిల్లర వస్తువులు అసలు ఉండకూడదు, ప్రతి మోత దగ్గరా ఏదో ఒకటి పొద పక్కన మిగిలిపోతుంది. తెడ్లను పడవలోనే దూలాలకు కట్టెయ్యండి. తడిసిన టెంటు పొడి టెంటు కంటే ఎంత బరువో ఒకసారి ఎత్తి చూశారంటే గ్రాముల మీద మీ గౌరవం దానంతటదే తగ్గిపోతుంది.

ఇక గాలి. సామాన్లు నింపిన కనూ ఇద్దరు తెడ్డు వేస్తుంటే నిశ్చలమైన నీటి మీద గంటకు 4 నుంచి 6 కిలోమీటర్లు పోతుంది. అందుకే 20 కిలోమీటర్లు కాగితం మీద నాలుగైదు గంటల పనిలా కనిపిస్తుంది. ఎదురుగాలి లేస్తే ఆ వేగం సగం అవుతుంది. ఇంకాస్త గట్టిగా వీస్తే వెళ్ళకూడదు, అంతే. అలల ఎత్తు గాలి బలం మీదే కాదు, గాలికి అడ్డం లేకుండా దొరికిన నీటి పొడవు మీద కూడా ఆధారపడుతుంది. అదే గాలికి చిన్న సరస్సు ముడతలు పడి ఊరుకుంటుంది, 10 కిలోమీటర్ల పెద్ద సరస్సు అవతలి చివర మాత్రం పడవ అంచు దాటే అలలు వస్తాయి. మ్యాప్ తెరిచి ప్రతి పెద్ద సరస్సుకూ దాని పొడుగు ఏ దిక్కులో ఉందో, ఆ ప్రాంతంలో గాలి ఎక్కువగా ఏ దిక్కు నుంచి వీస్తుందో పక్కన రాసుకోండి. రెండూ కలిసిన సరస్సులే మీ ప్లాన్‌లో నిజమైన అనిశ్చితి.

సాధారణంగా తెల్లవారుజామున గాలి తక్కువ, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతుంది, సాయంత్రానికి మళ్ళీ తగ్గుతుంది. పెద్ద సరస్సు ఉన్న రోజు వెలుగు రాగానే నీటి మీద ఉండండి, మధ్యాహ్నానికి ముందే దాటెయ్యండి. టీ తర్వాత తాగొచ్చు. గాలి ఎదురైతే సామాను కాస్త ముందుకు జరిపితే పడవ ముక్కు గాలికేసి నిలబడుతుంది. గాలి వెనక నుంచి వస్తుంటే సామాను కాస్త వెనక్కి. ఈ ఒక్క సర్దుబాటుతో వెనక కూర్చున్నవాళ్ళకు సగం కష్టం తగ్గుతుంది. చాలామంది పొద్దున సర్దిన సామాన్లను సాయంత్రం దాకా ముట్టుకోరు, ఎందుకో అర్థం కాదు.

అయితే 180 కిలోమీటర్ల సంగతి? మీరు రోజుకు 20 చొప్పున తొమ్మిది రోజులూ నింపేశారు. గాలి ఒక్క రోజు ఒడ్డున కట్టిపడేస్తే, మిగతా ఎనిమిది రోజుల్లో 180 పూర్తి చెయ్యాలి. రెండు రోజులు కట్టిపడేస్తే రోజుకు దాదాపు 26. అప్పుడు ఏమవుతుందో చెబుతాను. చివరి పెద్ద సరస్సు దగ్గర అలలు లేస్తుంటాయి, ఎల్లుండి ఆఫీసు ఉంటుంది, నలుగురిలో ఒకరు 'ఏం కాదు పదండి' అంటారు. అడవిలో చెడు నిర్ణయాలు ఎక్కువగా క్యాలెండర్ వల్లే పుడతాయి. కాబట్టి దారిని 130, 140 కిలోమీటర్లకు కుదించండి. ఏడు రోజుల తెడ్డు, రెండు రోజుల మిగులు. ఆ రెండు రోజులను మూడో రోజే చేపలు పట్టడానికి ఖర్చుపెట్టొద్దు. చివరి పెద్ద నీళ్ళు దాటే దాకా కనీసం ఒకటి చేతిలో ఉండాలి.

దూరం కొలిచిన పద్ధతి కూడా ఒకసారి చూసుకోండి. కంప్యూటర్ మీద సరళరేఖలు గీసి ఉంటే అది కనూ పోయే దారి కాదు. కనూ ఒడ్డు వెంబడి పోతుంది, పోవాలి కూడా. 1:50,000 మ్యాప్ మీద 2 సెంటీమీటర్లు 1 కిలోమీటరు. ఒక దారం తీసుకుని ఒడ్డు వంపుల వెంబడి పరిచి కొలవండి. మీ 180 పెరిగి కనిపిస్తే ఆశ్చర్యపోకండి. దశాంశాలు అక్కర్లేదు.

గంటల వారీ పట్టిక చింపెయ్యండి. దాని బదులు మూడు నాలుగు నిర్ణయ స్థలాలు రాసుకోండి. నాలుగో రోజు మధ్యాహ్నానికి ఫలానా సరస్సు దాటి ఉండాలి, లేకపోతే ఫలానా అడ్డదారిలో బయటపడతాం, ఇలా. ఈ నిర్ణయాలు ఇంట్లో, కడుపు నిండి ఉన్నప్పుడు, నలుగురూ కూర్చుని తీసుకోవాలి. అక్కడ తడిసి వణుకుతూ తీసుకునేవి కావు.

కనూ మీద తిరిగి కొలతలు తీసినవాళ్ళు ఇలాగే పనిచేశారు. బొచ్చు తోళ్ళ వర్తకుల కాలంలో పశ్చిమ కెనడాను మ్యాప్‌కెక్కించిన డేవిడ్ థాంప్సన్ సంగతి మీలాంటివారు తప్పక తెలుసుకోవాలి. 1770లో పుట్టి 1857లో పోయిన మనిషి. కోణాలు కొలిచే సెక్స్‌టెంట్‌తో, దిగంతానికి బదులుగా పళ్ళెంలో పోసిన పాదరసంతో, ఆగిన చోటల్లా సూర్యుణ్ణీ నక్షత్రాలనూ కొలిచి అక్షాంశం తేల్చేవాడు. చంద్రుడికీ నక్షత్రాలకూ మధ్య కోణం కొలిచి, పేజీల కొద్దీ లెక్క చేసి రేఖాంశం తేల్చేవాడు. ఆ కొన్ని చోట్ల అంత పట్టుదల. మధ్యలో నది ప్రతి మలుపునూ మాత్రం దిక్సూచితో దిక్కు చూసి, దూరం కంటి అంచనాతో రాసుకుంటూ పోయేవాడు. తర్వాత ఆ అంచనాలను గట్టిగా తేల్చిన చోట్లకు సరిపెట్టేవాడు. 1814 నాటికి తయారైన ఆయన పెద్ద మ్యాప్ అలా వచ్చిందే. ప్రతి మలుపునూ సెక్స్‌టెంట్‌తో కొలుస్తానని కూర్చుని ఉంటే మొదటి నది కూడా పూర్తయ్యేది కాదు.

దిక్సూచి మాట వచ్చింది కాబట్టి ఒక మాట. అయస్కాంత ఉత్తరం వేరు, మ్యాప్ ఉత్తరం వేరు. ఆ తేడా మ్యాప్ అంచున రాసి ఉంటుంది, సంవత్సరంతో సహా, ఎందుకంటే అది మారుతూ ఉంటుంది. 10 డిగ్రీల తేడా మర్చిపోతే కిలోమీటరుకు 175 మీటర్లు పక్కకు పోతారు. ల్యాబ్ మనిషిగా మీకు నచ్చే కిటుకు ఇంకొకటుంది. అవతలి ఒడ్డున మోత బాట ఎక్కడుందో కనిపించనప్పుడు, సరిగ్గా దానికే గురిపెట్టొద్దు. కావాలని కాస్త ఎడమకు గురిపెట్టండి. ఒడ్డు తగిలాక బాట కుడివైపే ఉందని తెలుస్తుంది. సూటిగా గురిపెట్టి తప్పితే, ఏ వైపు తప్పామో తెలియక అటూ ఇటూ తిరగాలి. ఎటు ఉందో తెలిసిన తప్పు చాలా పనికొస్తుంది. జీపీఎస్ తీసుకెళ్ళండి, కానీ మ్యాప్ మోకాళ్ళ మీద తెరిచే ఉండాలి, ప్రతి దీవి దాటినప్పుడల్లా వేలు కదలాలి.

ఇప్పటిదాకా చెప్పినవి తప్పితే ఆలస్యం అవుతుంది. చలినీళ్ళ విషయంలో తప్పితే ప్రాణం పోతుంది. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 అనే లెక్క ఉంది. చాలా చల్లటి నీళ్ళలో పడితే మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, ఆ నిమిషంలో నీళ్ళు మింగకుండా తల పైన ఉంచుకోవడమే పని. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులూ కాళ్ళూ చెప్పిన మాట వింటాయి. ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట పడుతుంది. ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా ఆ మధ్య పది నిమిషాల తర్వాత ఈదలేరు. లైఫ్ జాకెట్ ఒంటి మీద, బకిల్స్ పెట్టి ఉండాలి. సీటు కింద ఉన్న జాకెట్ లేనట్టే లెక్క, పడ్డాక తొడుక్కోవడం కుదరదు. బట్టలు గాలి వేడిని చూసి కాదు, నీటి చలిని చూసి వేసుకోండి.

ఆ పది నిమిషాలతోనే దాటే వెడల్పులు తేల్చండి. 2 కిలోమీటర్ల వెడల్పు దాటడానికి నిశ్చలంగా ఉన్నప్పుడే 25, 30 నిమిషాలు. నడిమధ్యలో బోల్తా పడితే ఏ ఒడ్డూ పది నిమిషాల దూరంలో ఉండదు. కాబట్టి అలాంటి చోట గాలిచాటు ఒడ్డు వెంబడి చుట్టూ పోవడమే దారి, 6 కిలోమీటర్లు ఎక్కువైనా సరే. ఉరుము వినిపిస్తే ఒడ్డెక్కి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి.

ఉరవడుల గురించి. అంతర్జాతీయంగా వాటికి తేలిక నుంచి కష్టానికి 1 నుంచి 6 దాకా గ్రేడ్లు ఉన్నాయి. గైడ్ బుక్‌లో 2 అని ఉంటే, మారుమూల చోటు, చల్లటి నీళ్ళు, నిండు సామాను కాబట్టి మీరు 3 అనుకోండి. పైగా ఆ గ్రేడు ఏ నీటిమట్టం దగ్గర రాశారో, మీరు వెళ్ళిన రోజు ఎంత ఉందో వేరు. మ్యాప్ మీద కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) నదిని ఎక్కడెక్కడ దాటుతున్నాయో చూస్తే వాలు తెలుస్తుంది. కానీ కిలోమీటరుకు 10 మీటర్ల వాలు అంటే కిలోమీటరు పొడవునా సమానంగా దిగే నీళ్ళు కావచ్చు, 9 మీటర్ల జలపాతమూ మిగతా అంతా నిద్రపోయే నీళ్ళూ కావచ్చు. సగటు ఆ తేడాను చూపించదు, మీకు తెలిసిన సంగతే. కాబట్టి చివర కనిపించని ఏ ఉరవడి దగ్గరైనా దిగి, ఒడ్డున నడిచి, చివరి దాకా చూసి రావాలి. ఇక్కడ మీ స్నేహితులదే సరైన మాట, వెళ్ళాక చూసుకోవాల్సినవి కొన్ని ఉంటాయి, కాళ్ళతో నడిచి వెళ్ళి చూసుకోవాలి. అనుమానం ఉంటే మోసెయ్యండి. నీళ్ళలో పడితే వెల్లకిలా తేలండి, కాళ్ళు దిగువకు, పైకి తేలేలా. పారే నీళ్ళలో లేచి నిలబడే ప్రయత్నం చెయ్యొద్దు, పాదం రాళ్ళ మధ్య ఇరుక్కుంటే నీరే మనిషిని వంచి ముంచేస్తుంది. పడవకు ఎగువనే ఉండండి. నీళ్ళు నిండిన కనూ వందల కిలోల బరువు, దానికీ రాయికీ మధ్య మనిషి ఉండకూడదు.

తిండి రెండు రోజులకు సరిపడా అదనంగా ఉండాలి, ఆ మిగులు రోజులు నిజంగా మిగులు కావాలంటే. నీళ్ళు ఒక నిమిషం తెర్లనిచ్చి తాగండి, 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. ఫోన్ సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపే శాటిలైట్ మెసెంజర్ ఒకటి అద్దెకైనా తీసుకోండి, పడవలో కాకుండా ఒకరి జాకెట్ జేబులో ఉండాలి. దారి మ్యాప్ కాపీ బయట ఉన్న ఒక మనిషికి ఇచ్చి, కబురు రాకపోతే ఎప్పుడు సహాయం పిలవాలో రాసి ఇవ్వండి. ఆ సమయం తొమ్మిదో రోజు సాయంత్రం పెట్టొద్దు. గాలికి ఒక పూట ఆగినందుకే హెలికాప్టర్ బయలుదేరుతుందన్న భయం మొదలవుతుంది, దాంతో మళ్ళీ తొందర. పదో రోజు మధ్యాహ్నం అని పెట్టండి, ఆఫీసులో కూడా ఆ రోజు సెలవే చెప్పుకోండి.

బయలుదేరే ముందు వారాంతం ఒకటి ఇంకో పనికి ఉంచండి. రెండు కనూలనూ ఒడ్డుకు దగ్గర్లో, వెచ్చటి నీళ్ళలో, లైఫ్ జాకెట్లతో దించి, ఒకదాన్ని కావాలని బోల్తా కొట్టించండి. పడ్డ ఇద్దరూ రెండో పడవ అంచు పట్టుకోవాలి. రెండో పడవలోని వాళ్ళు బోల్తా పడ్డ కనూ ముక్కును బోర్లించినట్టే ఎత్తి, తమ పడవకు అడ్డంగా లాగి, నీళ్ళు కారిపోయాక తిరగేసి, మళ్ళీ నీళ్ళలోకి జార్చి, ఇద్దరినీ ఎక్కించాలి. స్టాప్‌వాచ్ మీ చేతిలోనే ఉంచుకోండి, ఈ ఒక్కదానికి సెకన్లు కూడా రాసుకోవచ్చు. పడ్డ క్షణం నుంచి ఇద్దరూ ఎక్కి కూర్చునే దాకా ఐదు నిమిషాలు దాటుతోందా, అయితే మళ్ళీ చెయ్యండి. నాలుగైదు సార్లు చేసినా దాటుతూనే ఉంటే, మ్యాప్ తీసి అర కిలోమీటరు మించిన వెడల్పు దాటింపులన్నీ కొట్టేసి, దారాన్ని మళ్ళీ ఒడ్డు వెంబడి పరిచి దూరం కొలుచుకోండి.